పాటల టేపులో దాగిన గణితము

కేసెట్టు టేపు అనగానే మనకు స్ఫురించునవి పాటలు, హరికథలు, నాటక పద్యములు. నాలుగు మిల్లీమీటర్లకు మించని వెడల్పు గల ఆ గోధుమవన్నె నాడా ఒక తరమువారి ఇండ్లలో సంగీతమును నిలువచేసి పెట్టినది. కాని అదే టేపు, అదే రికార్డరు, కొన్ని దేశములలో మరియొక కొలువు కూడ చేసినవి. అట్టి టేపును పెట్టి మీట నొక్కినచో పాట వినరాదు. కీచురాయి అరపు వంటి ఎడతెగని రొద మాత్రము వినవచ్చును. ఆ రొద అర్థము లేనిది కాదు. అందొక ఇంజనీరు సమకూర్చుకొన్న లెక్కల పద్ధతియో, ఒక అధ్యాపకుడు వక్రరేఖను గీయించుటకు రచించిన ఆదేశముల వరుసయో దాగియుండును. జేబులో పట్టు గణనయంత్రముల విద్య పాటల టేపుమీది కెట్లు ఎక్కినదో, ఏల దిగిపోయినదో, నేడా టేపుల గతి యేమో చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

సామాన్యమైన గణనయంత్రము, అనగా మనము కాల్‌క్యులేటరు అనునది, అడిగిన కూడికలు, హెచ్చవేతలు చేసి ఊరకుండును. ప్రోగ్రాము నేర్చు యంత్రము అట్లు కాదు. ఏ మీట తరువాత ఏ మీట నొక్కవలెనో ఒకమారు నేర్పినచో, ఆ వరుసను జ్ఞప్తియందుంచుకొని, అంకెలు మారినప్పుడెల్ల తానే లెక్క కట్టి ఫలితమును చూపును. చక్రవడ్డీ కట్టువారికి, భూమి కొలుచువారికి, దూలముల బలమును అంచనా వేయువారికి అది గొప్ప ఆసరా. ఆ మీటల వరుసనే ప్రోగ్రాము అనిరి. వరుసలోని ఒక్కొక్క ఆదేశమును అడుగు అనిరి.

ఇందొక చిక్కు కలదు. నేర్పిన విద్యను ఆ యంత్రములు ఎంతకాలము జ్ఞాపకము ఉంచుకొనగలవు? 1975లో హ్యూలెట్-పకార్డ్ సంస్థ విడుదల చేసిన హెచ్‌పి-25 అను యంత్రము 49 అడుగులను నేర్చుకొనెడిది. కాని మీట త్రిప్పి దానిని నిద్రపుచ్చిన మరుక్షణమే నేర్చినదెల్ల మరచిపోయెడిది. మరుసటి ఏట వచ్చిన హెచ్‌పి-25సి ఆపివేసినను మరువని స్మృతితో వెలసినది. ఐనను కష్టము పూర్తిగా తీరలేదు. స్మృతి మిక్కిలి చిన్నది. క్రొత్త ప్రోగ్రామునకు చోటు కావలెనన్న పాతదానిని తుడిచివేయవలెను. పాతది మరల కావలసి వచ్చినచో కాగితముపై వ్రాసికొన్న మీటల వరుసను చూచుచు మొదటినుండి నొక్కవలెను. నూరు మీటలలో ఒక్కటి తప్పిపోయినను ఫలితము తప్పును. ఆ తప్పు ఎచ్చట దొరలినదో వెదకుటకు ఒక పూట పట్టును.

ఈ కష్టమునకు మొదట దొరకిన మందు అయస్కాంతపు కార్డు. 1974లో వెలువడిన హెచ్‌పి-65 నూరు అడుగుల ప్రోగ్రామును వ్రేలెడు పొడవు గల చిన్న కార్డుపై వ్రాసికొని, మరల చదువుకొనగలిగెను. 1975లో అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు అంతరిక్షమున కలిసికొన్న అపోలో-సోయుజ్ యాత్రకు అమెరికా వ్యోమగాములు ఈ యంత్రమును వెంట తీసికొనిపోయిరి. 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ తెచ్చిన టిఐ-59 కూడ కార్డుల యంత్రమే. కాని కార్డును లోనికి లాగుటకు అంత చిన్న పెట్టెలో మోటారును, రబ్బరు చక్రములను ఇమిడ్చవలెను. అందువలన ధర పెరిగినది. హెచ్‌పి-65 వెల 795 డాలర్లు. విద్యార్థికి, చిన్న ఉద్యోగికి అది అందని పండు. పైగా ఆ చక్రముల రబ్బరు ఏండ్లు గడచిన కొలది మెత్తబడి జిగురైపోయెడిది. నేటికిని ఆ యంత్రములను సేకరించువారికి మొదట ఎదురగు మరమ్మతు అదియే.

యంత్రములో మోటారు ఉండనక్కరలేదు, ఇంటిలో ఇదివరకే ఒక మోటారు తిరుగుచున్నది కదా అను ఊహ ఇచ్చట ప్రవేశించినది. ఆ మోటారు టేపు రికార్డరులోనిది. ఫిలిప్స్ సంస్థవారు బెల్జియము దేశపు హాసెల్ట్ నగరములోని తమ కర్మాగారమున లూ ఓటెన్స్ అను ఇంజనీరు నాయకత్వమున రూపొందించిన చిన్న కేసెట్టును 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనములో లోకమునకు చూపిరి. కోటు జేబులో పట్టు కొయ్యముక్క నొకదానిని చేయించి, యంత్రము దీనికన్న పెద్దది కారాదని ఓటెన్స్ నియమము పెట్టుకొనెనట. ఇతర సంస్థలు కూడ రుసుము లేకుండ కేసెట్టును తయారుచేయుటకు ఫిలిప్స్ అనుమతించుటతో అది దేశదేశములకు ప్రాకినది. 1970ల నాటికి ధనికులకే కాక సామాన్యులకు కూడ అందిన ధ్వనియంత్రము అదియే. ఖాళీ కేసెట్టు చౌక; చెడిపోయినచో మరియొకటి; ఒకదానిపై వ్రాసినది తుడిచి మరల వ్రాయవచ్చును.

ఐతే రికార్డరు ఎరిగినది ధ్వని యొక్కటే. గణనయంత్రము ఎరిగినది సున్న, ఒకటి అను రెండు గుర్తులే. "విద్యుత్తు ఉన్నది", "లేదు" అను నిశ్చల స్థితులను పాటలకై చేసిన రికార్డరు పట్టుకొనజాలదు. కనుక సున్నకు ఒక స్వరమును, ఒకటికి వేరొక స్వరమును కేటాయింపవలసి వచ్చినది. ఎవరికి తోచిన స్వరములు వారు ఎంచుకొన్నచో ఒకరి టేపు మరియొకరికి పనికిరాదు. ఈ చిక్కును తీర్చుటకు అమెరికాలోని బైట్ అను పత్రిక 1975 నవంబరులో మిస్సోరీ రాష్ట్రపు కాన్సాస్ నగరమున ఒక గోష్ఠి జరిపినది. అందు కుదిరిన ఒప్పందమును లీ ఫెల్సెన్‌స్టైన్, హెరాల్డ్ మాక్ అనువారు వ్రాతలో పెట్టగా 1976 ఫిబ్రవరి సంచికలో అచ్చయ్యెను. దానికి కాన్సాస్ నగర ప్రమాణమను పేరు నిలిచినది.

ఆ ప్రమాణము సంగీతము తెలిసినవారికి సులభముగా బోధపడును. సెకనుకు 1200 కంపనములు గల స్వరము నాలుగు ఆవృత్తములు మ్రోగినచో సున్న. 2400 కంపనముల స్వరము ఎనిమిది ఆవృత్తములు మ్రోగినచో ఒకటి. రెండవది మొదటిదానికి సరిగా రెట్టింపు. అనగా షడ్జమమునకు పై స్థాయి షడ్జమము వంటిది. రెండును పట్టు కాలము ఒక్కటే, సెకనులో 300వ వంతు. ఒక్కొక్క అక్షరమునకు ముందొక సున్న, తరువాత ఎనిమిది గుర్తులు, చివర రెండు ఒకట్లు, వెరసి పదునొకండు. ఈ లెక్కన సెకనుకు ఇరువదియేడు అక్షరములు టేపున కెక్కును. టేపు వేగములో కొంత హెచ్చుతగ్గులు వచ్చినను, రెండు స్వరములకు గల అంతరము పెద్దది గనుక యంత్రము పోల్చుకొనగలదు.

దీనిని మన కొలతలలో చెప్పుకొందము. కేసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడచును. అడుగునకు ఒక అక్షరము చొప్పున 256 అడుగుల ప్రోగ్రాము ఈ ప్రమాణమున వ్రాయుటకు తొమ్మిదిన్నర సెకన్లు చాలును. అంతలో కదలిన టేపు ఇంచుమించు ఒక మూర. ఒక మనుష్యుడు రెండు మూడు రాత్రులు శ్రమించి కూర్చిన లెక్కల పద్ధతి మూరెడు టేపులో ఇమిడిపోయినదన్నమాట! అరువది నిమిషముల కేసెట్టులో అటువంటి మూరలు ఒక ప్రక్కననే నూటికి పైగా కలవు.

జపాను దేశపు కాసియో సంస్థ ఈ సదుపాయమును జేబు యంత్రములకు తెచ్చినవారిలో ముఖ్యమైనది. 1970ల చివర వచ్చిన ఎఫ్‌ఎక్స్-502పి అను యంత్రము 256 అడుగులను నేర్చెడిది. ఎఫ్‌ఏ-1 అను చిన్న పీఠముపై దానిని కూర్చుండబెట్టి, రెండు తీగలతో టేపు రికార్డరునకు కలిపినచో, ప్రోగ్రాము ధ్వనిగా మారి టేపున కెక్కును. విచిత్రమేమనగా, అదే పీఠము సాయమున ఆ యంత్రముచేత సరళమైన రాగములు కూడ పలికింపవచ్చును. లెక్కలు స్వరములుగా మారగలిగినప్పుడు స్వరములు లెక్కలనుండి పుట్టుటలో వింత లేదు. 1981లో దాని తమ్ముడు ఎఫ్‌ఎక్స్-602పి 512 అడుగులతో వచ్చినది. షార్ప్ సంస్థవారు 1980లో తెచ్చిన పిసి-1211 అను జేబు కంప్యూటరు బేసిక్ భాషలో వ్రాసిన ప్రోగ్రాములను అట్లే టేపుపై దాచుకొనెడిది.

1985లో కాసియో సంస్థయే ఎఫ్‌ఎక్స్-7000జి అను యంత్రమును విడుదల చేసినది. అంగడికి వచ్చిన గణనయంత్రములలో రేఖాచిత్రమును గీసి చూపిన మొదటిది ఇదియే. 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు గల చిన్న తెరపై పరావలయము వంగుట, జ్యావక్రము అలలు అలలుగా పోవుట విద్యార్థి కన్నుల ఎదుట కనిపించెను. అంతవరకు గళ్ల కాగితముపై ఒక్కొక్క బిందువును గుర్తించి కలిపినవారికి అది కనుకట్టు వలె తోచియుండును. కాని దాని స్మృతి 422 అడుగులు మాత్రమే. చిత్రము గీయు ప్రోగ్రాములు రెండు మూడు చేరగానే నిండిపోవును. మరుసటి ఏట వచ్చిన ఎఫ్‌ఎక్స్-8000జి యందు 1400కు పైగా అడుగులకు చోటు కల్పించి, ఎఫ్‌ఏ-80 అను పేటిక ద్వారా టేపు రికార్డరుతో సంబంధము కూడ ఏర్పరచిరి. ఈ విధముగా రేఖాచిత్రపు యంత్రమునకును పాటల టేపునకును చుట్టరికము కుదిరినది.

టేపుపై ప్రోగ్రామును దాచుట ఓర్పుతో చేయవలసిన పని. కేసెట్టు మొదట కొంత దూరము వరకు అయస్కాంతపు పూత లేని నాడా ఉండును. అది దాటక ముందే వ్రాయ మొదలిడినచో ప్రోగ్రాము తల తెగిపోవును. రికార్డరుమీది అంకెల చక్రము ఎంత చూపినదో కాగితముపై గుర్తు వ్రాసికొనవలెను. లేనిచో అరగంట టేపులో మూరెడు రొదను వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే. శబ్దము హెచ్చైనచో స్వరములు చీలిపోవును. తగ్గినచో టేపు సహజముగా చేయు బుసలో మునిగిపోవును. ఒకరి రికార్డరుపై వ్రాసినది వేరొకరి రికార్డరుపై చదువబడకపోవుట తరచు జరిగెడిది. టేపును తాకు శిరస్సు రవంత వాలియున్నను పై స్వరము మందగించును. ప్రసార కేంద్రములలో టేపులతో మెలగినవారికి ఈ బాధ క్రొత్త కాదు. ఐతే పాటలో ఒక స్వరము మందగించినచో చెవి సర్దుకొనును. గణితమునకు ఆ దాక్షిణ్యము లేదు. ఒక్క గుర్తు పోయినను ప్రోగ్రాము దెబ్బతినును. అందుచేత తెలిసినవారు వ్రాసిన వెంటనే చదివించి సరిచూచెడివారు. ముఖ్యమైనవి రెండు కేసెట్టులపై వ్రాసెడివారు.

స్వరముగా మారినది రికార్డరులోనే ఉండనక్కరలేదు. 1977 మేలో ఇంటర్‌ఫేస్ ఏజ్ అను అమెరికా పత్రిక కంప్యూటరు ప్రోగ్రాము నొకదానిని పలుచని గ్రామఫోను రికార్డుపై ముద్రించి సంచికతో పంచిపెట్టినది. ఆపై వంతు రేడియోది. హాలెండు దేశపు ఎన్‌ఓఎస్ ప్రసార సంస్థ తన హాబీస్కూప్ కార్యక్రమములో కంప్యూటరు ప్రోగ్రాములను ధ్వనిగా ప్రసారము చేసినది. శ్రోతలు వానిని కేసెట్టుపై పట్టుకొని తమ యంత్రములకు వినిపించిరి. ఒక్కొక్క కంపెనీ యంత్రమునకు ఒక్కొక్క మాండలికము ఉండుటచేత, అన్నింటికి అర్థమగు ఉమ్మడి భాషగా బేసికోడ్ అను పద్ధతిని వారు ఏర్పరచిరి. 1984లో బిబిసి రేడియో 4 వారి ది చిప్ షాప్ కార్యక్రమము కూడ ఆ త్రోవ త్రొక్కినది. యుగోస్లావియాలో బెల్‌గ్రేడు 202 రేడియో కేంద్రమున జోరాన్ మోడ్లి అను ప్రసారకుడు తన వెంటిలేటర్ 202 కార్యక్రమములో అట్లే చేసెను. ఆ దేశమున గలాక్సియా అను కంప్యూటరును గూర్చి పత్రికలో చదివి యువకులు ఇంటనే నిర్మించుకొనుచున్న దినములవి. బయటి సరకు దొరకుట కష్టమైన చోట రేడియో ప్రోగ్రాములను ఉచితముగా ఇంటింటికి చేర్చినది. ఆ నిమిషములందు కంప్యూటరు లేని ఇండ్లవారు ఆ కీచు రొదకు చెవులు మూసికొనియుందురనుట నిజమే. కాని రేడియో మనుష్యునితో పాటు యంత్రమునకు కూడ పాఠము చెప్పిన ఘట్టము మన వృత్తి చరిత్రలో అరుదైనది.

ఈ చుట్టరికము ఎక్కువ కాలము నిలువలేదు. కంప్యూటర్లకు పళ్లెములు వచ్చినవి, స్మృతి చౌకయైనది. 1990లో వచ్చిన హెచ్‌పి-48ఎస్‌ఎక్స్ తీగతోను, కంటికి కనిపించని పరారుణ కాంతితోను ప్రోగ్రాములను పంపగలిగెను. 1992లో వచ్చిన టిఐ-85 అను రేఖాచిత్ర యంత్రమును ఒక తీగతో తోడి యంత్రమునకు కలిపినచో విద్య సరాసరి మారిపోయెడిది. ఆ తీగ దూర్చు రంధ్రము చెవిగొట్టపు రంధ్రమువలెనే ఉండెను. కాని అందు ప్రవహించినది స్వరము కాదు. రికార్డరు మధ్యవర్తిత్వము అంతటితో ముగిసినది.

ఇక నేటి సంగతి. ఆ టేపులలో కొన్ని అటకలమీద, పాత పెట్టెలలో ఇంకను ఉన్నవి. వాని వయస్సు నలుబది ఏండ్లు. పూతను నాడాకు అంటించియుంచు జిగురు తేమకు చెడును. టేపును శిరస్సునకు ఒత్తు చిన్న మెత్తగుడ్డ ఊడిపోవును. పొర ప్రక్క పొర చుట్టుకొనియున్న చోట ఒకదాని ధ్వని రెండవదానిపై లీలగా పడును. పైకి కనిపించని మరియొక అపాయము కూడ కలదు. టేపు చెడకున్నను యంత్రము పోయినచో ఏమి ప్రయోజనము? ఆ రొదలో ఉన్నది మనుష్య భాష కాదు. ఫలానా యంత్రపు ఫలానా మీటకు గుర్తు. కనుక ఇట్టి విద్య బ్రతుకవలెనన్న మూడు నిలువవలెను: ధ్వని, ధ్వనిని గుర్తులుగా విడగొట్టు నియమము, గుర్తులకు అర్థము చెప్పు యంత్రమో లేక దాని వివరములు గల పుస్తకమో. మన తాళపత్ర గ్రంథముల కథయు ఇట్టిదే. ఆకు మిగిలినను లిపి చదువువారు లేనిచో అది గీతల కట్టగానే ఉండిపోవును. మన పెద్దలు ఆకు శిథిలము కాకముందే క్రొత్త ఆకుపై ఎత్తివ్రాయించుటచేతనే ఆ గ్రంథములు మనవరకు వచ్చినవి.

సంతోషింపదగిన విషయమేమనగా, ఈ ఎత్తివ్రాత నేడు సులభము. టేపును మామూలు రికార్డరుపై నడిపి, ఆ ధ్వనిని కుదింపు లేని ఫైలుగా కంప్యూటరులో భద్రపరచినచో, స్వరతరంగముల ఎత్తుపల్లములను లెక్కించి సున్నలను, ఒకట్లను మరల రాబట్టు సాధనములను ఔత్సాహికులు వ్రాసియున్నారు. చెవికి బుస తగ్గించుటకై చేసిన డాల్బీ వంటి ఏర్పాట్లను ఆ సమయమున ఆపివేయవలెను. ఊడిన మెత్తగుడ్డను ముందుగా మార్చవలెను. శిరస్సును శుభ్రపరచి, దాని వాలును స్వరము స్పష్టముగా వినవచ్చు వరకు సరిచేయవలెను. టేపును లౌడుస్పీకరు దాపున, అనగా అయస్కాంతము ప్రక్కన, ఎన్నడును ఉంచరాదు. మొదటిమారు నడపుటయే కడపటిమారు కావచ్చునని తలచి, ఆ ఒక్కమారే ధ్వనిని పట్టుకొనవలెను.

ప్రతి టేపులోను మహాగ్రంథము ఉన్నదని కాదు. పెక్కింటిలో చిన్న చిన్న లెక్కలే ఉండును. కాని ఒక కాలపు సామాన్య మానవుడు, నాలుగు వందల అడుగుల ఇరుకు స్మృతిలో, తన వృత్తికి కావలసిన గణితమును ఎంత పొదుపుగా కూర్చుకొనెనో తెలిపెడి స్వహస్త లిఖితములు అవియే. పెద్ద కంప్యూటర్ల చరిత్ర పెద్ద సంస్థల దస్తావేజులలో నిలుచును. చిన్న యంత్రముల చరిత్ర ఇండ్లలోనే నిలువవలెను. దేశములో నైనను విదేశములో నైనను, మీ ఇంటిలోనో బంధువుల ఇంటిలోనో పేరు లేని పాత కేసెట్టు నొకదానిని మ్రోగించినప్పుడు పాటకు మారుగా సన్నని కీచు రొద వినవచ్చినచో, చెడిపోయినదని పారవేయకుడు. మీట నొక్కి ఆపి, ఏ యంత్రము వాడినవారిదో విచారించి, ఆ పేరును దానిపై వ్రాసి ఉంచుడు. తరువాత ధ్వనిని ఎత్తించుట ఎవరైనను చేయగలరు; ఆ పేరును చెప్పగలవారు మాత్రము మన ఇండ్లలోని పెద్దలే.